రిజిస్టరులో తొమ్మిదిమంది

ఏప్రిల్ 14

నువ్వు పిరికివాడివి. ఇది చదువుతున్నది ఎవరైనా సరే, నిన్నే అంటున్నాను. నీకు లెక్కలు చూసే పెద్దాయన ఒకరున్నారు. పాలసీలు కట్టించే చుట్టం ఒకడున్నాడు. నోటీసొస్తే జవాబు రాసిపెట్టే ప్లీడరు స్నేహితుడు ఒకడున్నాడు. ఈ ముగ్గురినీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఒక గదిలో కూర్చోబెట్టావా? లేదు. కూర్చోబెడితే ఒకరికి చెప్పింది ఇంకొకరు వింటారని నీ భయం. ఆ భయానికి వ్యాపార దక్షత అని పేరు పెట్టుకుని తిరుగుతున్నావు.

పేరా బాగానే వచ్చింది. వచ్చే నెల పత్రికలో చిన్న వ్యాపారుల మీద రాయబోయే సంపాదకీయానికి ఇదే ఎత్తుగడ. ముప్పయ్యేళ్లుగా కార్మికుల పక్షాన పత్రిక నడుపుతున్నవాడికి ఈ మాత్రం అనే హక్కుంది.

అసలు సంగతి రాయాలి. ఆరు రోజుల కిందట మన ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకయింది. వాల్వు బిగిస్తున్న లాల్ బాషా మొహం మీద కొట్టింది. ఎడమ కన్ను పోయింది. కుడి కన్ను సంగతి నెల తరవాత గానీ చెప్పలేమని డాక్టర్లు అన్నారు. కంప్రెసర్ శబ్దంలో తేడా వస్తే గేటు బయటనుంచే పసిగట్టే మనిషి. పదకొండేళ్లుగా మనతో ఉన్నాడు.

సీజను నడుస్తోంది. కొల్లేరు చెరువుల నుంచి చేపల లారీలు ఐసు కోసం కైకలూరు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. భీమవరం నుంచి వేరే మెకానిక్‌ని పిలిపించాను. ఫ్యాక్టరీ మూడోనాటికే నడిచింది. ఆ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నడవకపోతే మిగతావాళ్లు ఏం తింటారు?

ఏప్రిల్ 17

తాడేపల్లిగూడెం వెళ్లాను. ఆడిటర్ శేషగిరిరావు గారికి డెబ్బై నాలుగేళ్లు. మా నాన్న రైసుమిల్లు నడిపిన రోజుల నుంచీ మా లెక్కలు ఆయనవే. మిల్లు పోయింది, నాన్న పోయాడు, ఆయన మాత్రం ఉన్నారు. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా ఆయన్ని ఎదురు ప్రశ్న అడగలేదు. అడగడం బాగోదు.

లాల్ బాషాకి నష్టపరిహారం ఎలా ఇప్పించాలో చెప్పమన్నాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ చాలా నెమ్మదిగా అన్నారు.

"ఆ మనిషి మన జీతాల పట్టీలో లేడబ్బాయ్. ఓచర్ మీద ఇస్తున్నాం. మన లెక్కల్లో అతను మనిషి కాదు, రిపేరు ఖర్చు."

ఒళ్లు మండిపోయింది. పెట్టుబడిదారీ గణకశాస్త్రం మనిషిని ఖర్చుగా మార్చేస్తుందని నేను రాసిన వ్యాసాలన్నీ గుర్తొచ్చాయి. ఆయన మొహం మీదే అనేద్దామనుకున్నాను. ఈలోగా ఆయన కోడలు కాఫీ తెచ్చింది. తాగి వచ్చేశాను.

ఫ్యాక్టరీలో పదిమంది ఉంటే కార్మికుల బీమా, అదే ఈఎస్ఐ, కట్టాలి. మన రిజిస్టరులో తొమ్మిదిమందే ఉన్నారు. ఈ ఏర్పాటు ఎవరు మొదలెట్టారో నాకు గుర్తులేదు. ఆయనే అయి ఉంటారు.

వచ్చేటప్పుడు ఆయన మెట్ల దాకా వచ్చి, తన దగ్గర పని నేర్చుకున్న ఉషశ్రీ అనే అమ్మాయి మార్కెట్ యార్డు దగ్గర సొంతంగా ఆఫీసు పెట్టుకుందని, ఇలాంటి చిక్కులు బాగా విప్పుతుందని, ఓసారి మాట్లాడి చూడమని చెప్పారు. తనకి చేతకాదని చెప్పడానికి మా వాళ్లకున్న పద్ధతి ఇది.

ఏప్రిల్ 18

ఉషశ్రీకి ముప్పై అయిదుంటాయి. ఫోన్లోనే అరగంట ప్రశ్నలడిగింది. జవాబులకన్నా ఎక్కువ సార్లు "అది ఆయన చూసుకుంటారండి" అన్నానట. లెక్కపెట్టిందట, పదకొండు సార్లు.

ఆమె చెప్పింది సూటిగా ఉంది. ఆడిటర్, ఇన్సూరెన్స్ మనిషి, ప్లీడరు, తను, నలుగురూ నెలకోసారి ఒకచోట కూర్చోవాలి. ఎవరి పని వాళ్లదే. కానీ అందరూ చూసే కాగితాలు ఒకటే అయి ఉండాలి. ఒకరు సలహా ఇచ్చాక దాని వల్ల మిగతా ముగ్గురి పనిలో ఏం మారుతుందో అక్కడే తేల్చుకోవాలి. తను అందరినీ కలిపే పని చేస్తుంది.

ఇది ఎంత మంచి ఆలోచన. సమష్టి నిర్ణయం, బహిరంగ చర్చ. మేం కార్మిక సంఘంలో చేసింది ఇదే కదా. వ్యాపారంలోకి దీన్ని తెచ్చిన మొదటివాణ్ణి మా జిల్లాలో నేనే కావచ్చు. ఆదివారం మా ఇంట్లో మొదటి సమావేశం పెడతానన్నాను.

"ఇంట్లోనా అండి?" అంది.

ఇంట్లోనే అన్నాను. పెద్దవాళ్లని ఫ్యాక్టరీ షెడ్డుకి రమ్మంటే ఏం బాగుంటుంది?

ఏప్రిల్ 23, ఆదివారం

సమావేశం అయింది. కాలేదు. ఏమని రాయాలో తెలియడం లేదు.

పదకొండు గంటలకి అందరూ వచ్చారు. శేషగిరిరావు గారిని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాం. ఇన్సూరెన్స్ ఏజెంటు సత్తిరాజు మా ఆవిడ పిన్ని కొడుకు, కాబట్టి వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్లి కూరల సంగతి చూశాడు. ప్లీడరు ఈశ్వరప్రసాద్ నాతో పాటు లాఠీదెబ్బలు తిన్నవాడు, ఇప్పటికీ గురూ అనే పిలుస్తాడు. ఉషశ్రీ ఒక ఫైలు పట్టుకుని గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంది.

ఆమె మొదలుపెట్టబోయింది. శేషగిరిరావు గారు మా నాన్న సంగతులు ఎత్తుకున్నారు. పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో ఎవరు కల్పించుకుంటారు? గంట గడిచింది. ఆమె మళ్లీ నోరు తెరిచేసరికి మా ఆవిడ వచ్చి ఆకులు వేశాం లేవండి అంది. కొర్రమీను పులుసు, గోంగూర రొయ్యలు, పెద్దాయన చేపలు తినరు కాబట్టి ఆయనకి విడిగా పనసపొట్టు కూర. ముద్దపప్పు, ఆవకాయ. సత్తిరాజు ప్రతి ఆకు దగ్గరా నిలబడి వడ్డించాడు.

ఉషశ్రీ మాత్రం లేవలేదు. పని అయ్యాక తింటానంది. మా ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చి ఎంగిలి పడకపోతే ఎలాగమ్మా అని నేనూ బలవంతపెట్టాను. చివరికి పెరుగన్నం రెండు ముద్దలు తింది. ఆ రెండు ముద్దలూ ఆమె నోరు కట్టేస్తాయని నాకు తెలుసా? తెలియదనే రాస్తున్నాను.

భోజనాల మధ్య ఆమె ఒకే ఒక ప్రశ్న వేసింది. ఫ్యాక్టరీలో మొత్తం ఎంతమంది పనిచేస్తారని.

సత్తిరాజు పులుసు గిన్నె పట్టుకుని ఆగిపోయాడు. "ఆయ్, అది పెద్దాయనకి తెలియాలండి" అన్నాడు. పెద్దాయన, ఆ రిజిస్టరు ఫ్యాక్టరీలో ఉంటుందమ్మా అన్నారు. ఈశ్వరప్రసాద్, తినేటప్పుడు ఈ లెక్కలెందుకండీ, పులుసు చల్లారిపోతుంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తాంబూలాలు తీసుకుని నాలుగింటికి వెళ్లిపోయారు. మా ఊళ్లలో ఒక మాటని చంపాలంటే తిట్టక్కర్లేదు, కొట్టక్కర్లేదు. పీట వేసి వడ్డిస్తే చాలు.

ఏప్రిల్ 24

ఉషశ్రీ ఫోను. మళ్లీ కూర్చుంటేనే తను ఉంటుందట, లేకపోతే వేరేవాళ్లని చూసుకోమంది. ఫ్యాక్టరీలో, కాగితాలతో, భోజనం లేకుండా. గర్విష్ఠి.

ఏప్రిల్ 27

ఫ్యాక్టరీకి కుల్సుమ్ వచ్చింది. లాల్ బాషా భార్య. ఏలూరులో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సంచిలోంచి పాత పత్రిక ఒకటి తీసి టేబుల్ మీద పెట్టింది.

మన పత్రికే. అయిదేళ్ల కిందటి మేడే సంచిక. నడిమి పేజీలో లాల్ బాషా ఫొటో, కంప్రెసర్ మీద చెయ్యి వేసి నవ్వుతూ. కింద నా వ్యాసం. మా ఫ్యాక్టరీలో మేం పద్నాలుగుమందిమి, వారిలో ఆరేళ్లుగా యంత్రానికి ప్రాణం పోస్తున్న కార్మికుడు ఇతడు అని నేనే రాశాను. యజమాని, కార్మికుడు అన్న తేడా మా గేటు లోపల లేదని కూడా రాశాను.

"మేస్త్రీ ఒకాయన చెప్పాడండి, ఈయన మీ దగ్గర పనిచేసినట్టు ఏదైనా కాగితం ఉంటే లేబర్ ఆఫీసులో పనికొస్తుందని. ఇల్లంతా వెతికితే ఇదొక్కటే దొరికింది. ఇవ్వొచ్చాండి? మీకు ఇబ్బందనుకుంటే వద్దండి."

ఆమె గొంతులో ఎక్కడా ఎత్తిపొడుపు లేదు. అదే భరించలేకపోయాను. నేను ఎవరికి రాయి విసరడం నేర్పాలని ముప్పయ్యేళ్లు తిరిగానో ఆ మనిషి, రాయి తెచ్చి నా చేతికే ఇచ్చి విసరొచ్చా అని అడిగింది.

నా దగ్గర ఉంచమన్నాను. మా ప్లీడరుకి చూపించి చెబుతానన్నాను. ఆమె దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

పత్రిక సొరుగులో పెట్టాను.

ఏప్రిల్ 29

ఈశ్వరప్రసాద్ దొరకలేదు. ఫోన్ చెయ్యలేదు కాబట్టి దొరకలేదు.

మే 1

ఏలూరులో సభ. బాగా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఎండ విపరీతం.

మే 5

ఉషశ్రీ మాట ప్రకారం ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో కూర్చున్నాం. మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. పక్కన కంప్రెసర్ మోత. ఇంజను మారిన బస్సులాగా దాని చప్పుడు ఈ మధ్య నాకు కొత్తగా వినపడుతోంది.

ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. నాలుగు కాగితాలు టేబుల్ మీద వరసగా పరిచి, ఒక్కోదాంట్లో ఒక్కో అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది. జీతాల పట్టీలో తొమ్మిది. ఇన్సూరెన్స్ దరఖాస్తులో ఏడు. బ్యాంకు లోను కాగితాల్లో పదహారు. ఫ్యాక్టరీ మేస్త్రీ గోడకి వేలాడదీసుకునే హాజరు పుస్తకంలో పద్నాలుగు.

"ఇవన్నీ ఒకే ఫ్యాక్టరీవాండి?" అని అడిగింది.

అందరూ ఆ నాలుగు సున్నాల మీదకి వంగి చూశారు. తరవాత సత్తిరాజు, జీతాల పట్టీ పెద్దాయన చూసే ఉంటారు కదా అని తను అడగలేదన్నాడు. శేషగిరిరావు గారు, పాలసీ మన అబ్బాయి చుట్టమే రాస్తున్నాడు కదా, అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నానన్నారు. ఈశ్వరప్రసాద్, నోటీసులొస్తేనే తనని పిలుస్తారు కాబట్టి తనకేం తెలుస్తుందన్నాడు. ముగ్గురూ మంచివాళ్లే. ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా పదేళ్లు కాపాడుకున్నారు. ఆ మర్యాదకి ఖరీదు లాల్ బాషా కన్ను.

ఇంతవరకూ రాసి సంతోషించాను, తప్పు ముగ్గురికీ సమానంగా పంచినందుకు. కానీ ఉషశ్రీ ఇంకో మాట అడిగింది. జీతాల పట్టీలో పేర్లు ఎవరి చేతిరాత అని. శేషగిరిరావు గారు నా వైపు చూడకుండా కిటికీ వైపు చూశారు. నన్ను కాపాడటానికి.

నా చేతిరాత. ఏడు అని ఇన్సూరెన్స్ కాగితంలో ఉన్నదీ నా చేతిరాతే. పదహారూ నాదే. ప్రీమియం తగ్గాలని ఏడు, లోను పెరగాలని పదహారు, ఈఎస్ఐ తగలకూడదని తొమ్మిది. ఎవరూ సలహా ఇవ్వలేదు. వాళ్లని అడగకుండా రాసి, సంతకానికి మాత్రం పంపించాను. ఏప్రిల్ 17న గుర్తులేదని రాశాను. గుర్తుంది.

ఆమె రెండు దార్లు చెప్పింది. నిజం ఒప్పుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు, లాల్ బాషా పరిహారమంతా నేనే కట్టాలి. వెనకటి ఈఎస్ఐ, దాని మీద జరిమానా కూడా. ఫ్యాక్టరీ అమ్మకపోయినా, ఏలూరులో పత్రిక ఆఫీసున్న స్థలం అమ్మాల్సి రావచ్చు. ఒప్పుకోకపోతే లాల్ బాషా బయటి మెకానిక్. అతనికి ఏమీ రాదు.

ఈశ్వరప్రసాద్ ముందుకు వంగాడు. "గురూ, ఒక్కటి చెప్పు. ఓచర్లలో మెకానిక్ అనే ఉంది, పేరు కూడా లేదు. మేస్త్రీ పుస్తకం చిత్తు పుస్తకం, దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. అతను మన మనిషని నీ చేత్తో రాసిన కాగితం ఎక్కడైనా ఉందా?"

సొరుగు నా మోకాలికి తగులుతోంది.

లేదన్నాను.

మే 6

లేదన్నాను. ఎందుకన్నానో ఆలోచిస్తున్నాను. పత్రిక స్థలం పోతే పత్రిక పోతుంది. పత్రిక పోతే వందలమంది కార్మికుల గొంతు పోతుంది. ఒక మనిషికీ ఒక ఉద్యమానికీ మధ్య ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు

మే 7

నిన్నటి వాక్యం పూర్తి చెయ్యలేకపోయాను. ఎంత దిద్దినా అది మిల్లు ఓనర్లు మాట్లాడినట్టే వస్తోంది.

మే 9

లేబర్ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసుకి ఈశ్వరప్రసాద్ జవాబు టైపు చేయించి పంపాడు. లాల్ బాషా అను వ్యక్తి మా సంస్థలో ఎన్నడూ ఉద్యోగి కాడు. పన్నెండో తారీఖులోగా సంతకం చేసి లేబర్ ఆఫీసుకి ఇవ్వాలి.

సంతకం పెట్టే ముందు ఒకసారి చూసి రావడం మర్యాద అనుకుని లాల్ బాషా ఇంటికి వెళ్లాను. పళ్లు కూడా కొన్నాను. రెండు కళ్లకీ కట్టు ఉంది. నేను చెప్పులు విప్పుతుంటేనే గుర్తుపట్టి, రండి నిరంజన్ గారండీ అన్నాడు. నన్ను యజమాని అని పిలవొద్దని పదకొండేళ్ల కిందట నేనే చెప్పాను. ఆ రోజు ఎంత గొప్పగా అనిపించిందో.

కుల్సుమ్ టీ పెట్టడానికి లోపలికెళ్లింది. అతను మొదట కంప్రెసర్ సంగతి అడిగాడు. చప్పుడు ఎలా ఉందన్నాడు. కొంచెం గరగరమంటోందని చెప్పాను. వెనకవైపు బేరింగు అయ్యుంటుందని, భీమవరం ఆయన దాని సంగతి చూడకపోతే ఈసారి ఇంకొకరి కళ్లు పోతాయని అన్నాడు. తరవాత గొంతు తగ్గించాడు.

"పత్రిక మీకు ఇచ్చిందంట కదండి. ఇవ్వొద్దనే చెప్పానండి నేను. వినలేదు. మీరు రాసింది నిజమని నమ్మిందండి ఆవిడ."

"మరి నువ్వు నమ్మలేదా?"

"నేను మెకానిక్‌నండి. ప్రెషరు గేజీ చూడందే ఏదీ నమ్మను. ఇప్పుడు చూసే పని కూడా లేదు మరి."

నవ్వాడు. కట్టు కింద బుగ్గలు మాత్రమే కదిలాయి. నాకు నవ్వు రాలేదు. కుల్సుమ్ టీ తెచ్చింది. ఆ టీ తాగకుండా రావాలని చూశాను. ఆమె, ఎండలో వచ్చారు, తాగండి అంది.

తాగాను. ఆ ఆదివారం ఉషశ్రీ పెరుగన్నం ఎలా తిందో ఇప్పుడు తెలిసింది.

మే 11

పొద్దున్నే ఈ డైరీ మొదటి పేజీ చదివాను. నువ్వు పిరికివాడివి, చదువుతున్నది ఎవరైనా సరే. ఇది చదివేవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ రోజే తెలిసి ఉంటే సంపాదకీయం ఎత్తుగడని అంత మురిసిపోయేవాణ్ణి కాదు.

ఉషశ్రీకి ఫోన్ చేశాను. కాగితం ఉందన్నాను. ఏ కాగితం అంటే చెప్పాను.

"ఎక్కడుందండి?"

"నా సొరుగులో."

"ఎన్నాళ్ల నుంచి?"

"పద్నాలుగు రోజులు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రేపు పదింటికి ముగ్గురినీ ఫ్యాక్టరీకి రమ్మంటానంది. అప్పటిదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దంది. ఫోన్ పెట్టేసే ముందు ఇంకోటి కూడా అంది, భోజనం వద్దండి.

ఈశ్వరప్రసాద్‌కి కూడా ఫోన్ చేసి, కాగితం ఉందని, జవాబు పంపడం లేదని చెప్పాను. గురూ, ఆరోజు కాగితం లేదని నన్ను నమ్మించావు కదా అన్నాడు. అవునన్నాను.

ముప్పయ్యేళ్లలో ఎన్నో ఫ్యాక్టరీ గేట్లకి డిమాండ్ల పత్రాలు అంటించాను. రాయడం నాకు చేతనైన పని. మన గేటుకి ఎప్పుడూ అంటించలేదు. ఇది రేపు పదింటికి నలుగురూ వచ్చే ముందే నా చేత్తోనే అంటిస్తాను.

ఐసు ఫ్యాక్టరీ యజమాని నిరంజన్‌కి డిమాండ్లు:

1. పద్నాలుగుమంది పేర్లూ రిజిస్టరులో ఎక్కించాలి. లాల్ బాషా పేరు పదకొండేళ్ల కిందట అతను చేరిన తారీఖు నుంచి ఎక్కించాలి.

2. లాల్ బాషాకి పూర్తి పరిహారం చెల్లించాలి. పత్రిక స్థలం అమ్మైనా సరే. బేరం ఆడకూడదు.

3. వెనకటి ఈఎస్ఐ, జరిమానా, ఎవరూ అడగకముందే వెళ్లి కట్టాలి.

4. ఆడిటర్, ఇన్సూరెన్స్ ఏజెంటు, ప్లీడరు, ఉషశ్రీ ప్రతి నెలా మొదటి శుక్రవారం ఫ్యాక్టరీలో కూర్చోవాలి. నాలుగు కాగితాల్లోనూ అంకె ఒకటే ఉండాలి. కార్మికుల తరఫున ఒకరు ఆ గదిలో ఉండాలి.

5. ఆ రోజు మంచినీళ్లు తప్ప ఏమీ పెట్టకూడదు.

6. వెనకవైపు బేరింగు ఇవాళే మార్పించాలి.

7. మేడే సంచిక కుల్సుమ్‌కి తిరిగి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు, లేబర్ ఆఫీసులో ఇవ్వొచ్చమ్మా అని చెప్పాలి. ఆమె టీ పెడితే తాగకూడదు.